మా ఇంటికొచ్చిన ఇంగ్లీషు పాట

మా ఆయన మస్కట్ నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక ఇంగ్లీషు పాటను వెంటబెట్టుకొచ్చాడు. అత్తమ్మకు దుప్పటి, అమ్మాయికి చాక్లెట్లు, నాకు సెంటు సీసా పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. పాట మాత్రం ఆయన నోట్లో ఉంది. బోరింగు దగ్గర మొహం కడుక్కుంటూ పాడేవాడు. గేటుకు రంగు వేస్తూ పాడేవాడు. పదో తరగతి దాటని మనిషి, వెల్డింగు పని చేసే మనిషి, లక్సెట్టిపేటలో మా వాకిట్లో నిలబడి ఇంగ్లీషులో గొంతెత్తితే పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి నవ్వేవాళ్ళు. ఆయన వాళ్ళకేసి చెయ్యి ఊపి ఇంకా గట్టిగా పాడేవాడు.

గొంతు మంచిదే. మాటలే సగం మింగేవాడు. తెలియని చోట ఏదో ఒక కూనిరాగం తీసి, తెలిసిన చోటికి రాగానే ఛాతీ విరుచుకొని అందుకునేవాడు. ఆ తెలిసిన చోటు పల్లవి. ప్రతి చరణం తర్వాత అదే వస్తుంది, చివర్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పాట పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెతికి వింటారు, విన్నాక మీకు వినిపించింది మీకుంటుంది, అప్పుడు నేను చెప్పేది మీకు ఎక్కదు. నేను పుట్టకముందెప్పుడో తయారైన రాక్ పాట అని మాత్రం చెప్తాను. మొదట ఒంటరిగా ఒక గిటారు, తర్వాత డ్రమ్ములు, ఆ తర్వాత గరగరలాడే మగ గొంతు. చివరికొచ్చేసరికి ఆ గొంతు పాడడం మానేసి దాదాపు అరుస్తుంది.

మస్కట్ క్యాంపు గదిలో ఆయన కింది మంచం మీద ఫిలిప్పీన్స్ మనిషి ఒకాయన ఉండేవాడట. ఆయనకు వాళ్ళ నాన్న కాలం నాటి రాక్ పాటలంటే పిచ్చి. శుక్రవారం సెలవు. అందరూ బట్టలు ఉతుక్కొని ఆరేసుకుంటుంటే ఆయన తీగ తెగిన గిటారు ఒళ్ళో పెట్టుకొని పాడేవాడు. అలా విని విని మా ఆయనకు నోటికొచ్చింది.

"అర్థం ఏంది మరి?" అని అడిగాను.

"దీపం ఆర్పెయ్యి, నేను దారిల ఉన్న అంటుండు. ఇంటికొస్తుండు కదా, ఇగ దీపం పెట్టుకొని కూసునుడెందుకు, ఫికర్ జెయ్యకు పండుకో అని పెండ్లానికి చెప్తుండు. గా ఫిలిప్పీనాయననే చెప్పిండు నాకు."

నాకు చాలా నచ్చింది. ఆ తర్వాత ఎన్ని సెలవులకు వచ్చినా, మస్కట్ విమానాశ్రయం నుంచి ఫోన్ చేసి హలో కూడా అనకుండా ఆ పల్లవి పాడేవాడు. నేను ఇటు నవ్వేదాన్ని. ఆ పాటంటే నాకు ఆ ఫోను. ఆయన రేపు ఇంట్లో ఉంటాడన్న సంతోషం.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు పండితురాలిని. పద్యం చదివి వినిపించడం, ప్రతిపదార్థం చెప్పడం, చివరికి భావం రాయించడం నా పని. ఏ మాటకు ఏ అర్థమో ఒక్కటీ వదలకుండా చెప్పేదాన్ని. మరి ఈ పాటను మాత్రం ఎప్పుడూ అలా విప్పి చూడాలని అనిపించలేదు. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అన్నది ఒక కారణం. ఇంటికొచ్చే మనిషి పాట అని తెలిశాక ఇంకేం కావాలి అనుకోవడం అసలు కారణం.

అత్తమ్మ సంగతి వేరు. ఆమె అర్థం ఎవరినీ అడగలేదు. ఒక మధ్యాహ్నం అరుగు మీద చేట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. మా ఆయన లోపల చిన్న స్పీకరులో పాట పెట్టాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి. తునికాకు సగం చుట్టి అలాగే పట్టుకొని వింటోంది.

"ఏం పాట బిడ్డా గది?" అంది. "ఎవలో పాపం, అన్న రాడు, అన్న రాడు అని ఏడుస్తున్నరు."

మా ఆయన బయటికొచ్చాడు. "ఏమన్నవే అవ్వా?"

"ఇను. అన్న రాడు అంటలేదా?"

విన్నాం. 'ఆన్ ద రోడ్' అనే మాటలను ఆ గాయకుడు సాగదీసి సాగదీసి పాడతాడు. అత్తమ్మ చెప్పాక నాకూ అలాగే వినిపించింది. అన్న రాడు. అన్న రాడు. మా ఆయన అరుగు మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వాడు. నేనూ నవ్వాను. ఐదో తరగతి చదివే మా అమ్మాయి ఇల్లంతా తిరుగుతూ "అన్న రాడు" అని పాడడం మొదలుపెట్టింది.

"అది ఇంగ్లీషే అవ్వా. దారిల ఉన్న అని దానర్థం."

"ఇంగ్లీషోల్లకు అన్నలుండరా?" అంది అత్తమ్మ.

అప్పుడు చూశాను, ఆమె నవ్వడం లేదు. ఆమెకు ఒక అన్న ఉండేవాడు. చిన్న వయసులోనే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి పోయాడు. కొన్నేళ్ళు రాఖీ పున్నమకు తప్పకుండా వచ్చేవాడట, చెల్లెకు చీర, బావకు పంచె పట్టుకొని. తర్వాత రావడం మానేశాడు. ఎవరో సూరత్‌లో చూశామన్నారు. ఇంకెవరో బతికే లేడన్నారు. ఏదీ తేలలేదు. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆమె ఆయన గురించి మాట్లాడగా వినలేదు. ఆ మధ్యాహ్నం, చుట్టిన బీడీలు కట్టగట్టడం మరిచిపోయి, ఆయన ఎలా ఉండేవాడో చెప్పింది. పొడుగు మనిషి. నవ్వితే చిగుళ్ళు కనబడేవి. చెరుకు గడ పళ్ళతో చీల్చి చెల్లెకు మెత్తని ముక్క ఇచ్చేవాడు.

"గా పాట మల్లొక్కసారి పెట్టురా," అంది చివరికి. మా ఆయన నవ్వకుండా పెట్టాడు.

అప్పటి నుంచి అది మా ఇంట్లో రెండు పాటలైంది. ఆయన పెట్టమంటే ఇల్లు చేరే పాట. అత్తమ్మ పెట్టమంటే అన్న పాట. ఎవరి పాట వాళ్ళు విన్నారు, ఎవరూ ఎవరితో వాదించలేదు. చాలా ఏళ్ళు అలాగే గడిచిపోయాయి.

మా అమ్మాయి డిగ్రీకి కరీంనగర్ వెళ్ళి హాస్టల్లో చేరింది. ఇంగ్లీషు సాహిత్యం తీసుకుంది. ఆ ఏడు ఎండాకాలం వస్తానన్న మా ఆయన రాలేదు. కొత్త సైటు మొదలైందన్నాడు. దసరాకు తప్పకుండా అన్నాడు. దసరా పోయింది, కంపెనీవాళ్ళు వదలడం లేదన్నాడు. సంక్రాంతి తర్వాత చూద్దాం అన్నప్పుడు నేను సరే అని ఫోను పెట్టేశాను గానీ మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. మా దగ్గర గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళు వీధికి నాలుగైదుంటాయి. రాకుండా ఉండిపోయిన మగవాళ్ళ కథ కూడా వీధికొకటి ఉంటుంది. బడిలో తోటి టీచర్లు "సార్ ఇంకా రాలేదా" అని మామూలుగా అడిగినా నాకు మామూలుగా వినిపించడం మానేసింది.

అమ్మాయి సెలవులకు ఇంటికొచ్చింది. పొద్దున నేను బెండకాయలు కోస్తున్నాను. అది గడప మీద కూర్చొని ఫోనులో వాళ్ళ బాపు పాట పెట్టుకొని, పాట మాటలు కూడా తెరిచి చదువుకుంటోంది. మధ్యలో ఆపింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. మొహం మారింది.

"అమ్మా, బాపు దీనికి అర్థం ఏం చెప్పిండు?"

చెప్పాను.

"కాదమ్మా. ఇది వచ్చేటోని పాట కాదు. పోయేటోని పాట."

చరణాలు ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పింది. మొదటి చరణంలో అతను మెట్ల మీద కూర్చొని బూట్ల తాళ్ళు కట్టుకుంటాడు. రెండో చరణంలో తాళంచెవి బల్ల మీద ఉంటుంది, బయట వాన పడుతుంటుంది. మూడో చరణంలో ఊరి చివర రైలు గేటు, ఎవరింట్లోనో కుక్క మొరుగుతుంది. "తాళంచెవి బల్ల మీద పెట్టిపోయిండంటే మల్ల రాడనే కదా. నా కోసం దీపం పెట్టుకొని కూసోకు, నేను రోడ్డు పట్టిన అంటుండు. గంతే."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. అరుగు మీంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"నేను అప్పుడే చెప్పలేదా, రాడని."

ఆమె తన అన్న గురించే అంది. నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు తన కొడుకు గురించి అన్నట్టే తగిలింది. ఆ పూట కూర మాడిపోయింది.

శుక్రవారం వీడియో కాల్ వచ్చింది. ముగ్గురం ఫోను ముందు చేరాం. ఆరోగ్యాలు, వానలు, చుట్టాల కబుర్లు అయ్యాక అమ్మాయే ఎత్తుకుంది. "బాపూ, నీ పాట అర్థం తప్పు."

ఆయన నవ్వాడు. "నా పాట అర్థం నాకు తెల్వదా?"

"తాళంచెవి బల్ల మీద పెట్టిపోయిండు బాపూ."

"పోలేదు బిడ్డా, వచ్చి పెట్టిండు. ఇంట్లకొచ్చినంక తాళంచెవి ఏడ పెడుతం? బల్ల మీదనే కదా."

"మరి బూట్లు కట్టుకున్నడు కదా?"

"అక్కడ పనిల నుంచి బయలెల్లేటప్పుడు కట్టుకున్నడు. కుక్క మొరిగింది జూడు, ఎవలన్న ఇంటికొస్తేనే కదా మొరిగేది."

ఒకే మాటలు. ఇద్దరూ చెప్పింది నిజమే అనిపిస్తోంది. తెలుగు పండితురాలిని, ఏ మాటకు ఏ అర్థమో తేల్చి చెప్పాల్సినదాన్ని, వాళ్ళిద్దరి మధ్య గుడ్లప్పగించి కూర్చున్నాను. ఇంతలో అత్తమ్మ ఫోనులోకి వంగింది.

"ఇంటి కుక్క ఇంటాయనను సూసి మొరుగుతదారా? ఏండ్లకేండ్లు రాకపోతే గురుతువట్టక మొరిగింది గావచ్చు."

ఆమె మామూలుగానే అంది. కానీ తెర మీద ఆయన మొహంలో నవ్వు పోయింది. తర్వాత "నెట్ మంచిగ లేదు, మల్ల చేస్త" అని పెట్టేశాడు. నెట్ బాగానే ఉంది. ఆయన వెనక గోడ మీద క్యాలెండరు అంకెలు కూడా కనబడుతున్నాయి.

ఆ వారం నాకు అన్నం సహించలేదు. అమ్మాయికి తాను చెప్పిన అర్థం వల్ల ఇల్లు ఇలా అయిందని బాధ. అదే ఫేస్‌బుక్కులో వాళ్ళ బాపు స్నేహితుల్లో వెతికి వెతికి ఫిలిప్పీన్స్ ఆయనను పట్టుకుంది. ఆయన అప్పటికే పని మానేసి వాళ్ళ దేశం వెళ్ళిపోయి, సముద్రం పక్కన చిన్న హోటలు నడుపుకుంటున్నాడు. ఎవరి కూతురో చెప్పగానే తనే వీడియో కాల్ చేశాడు. బట్టతల, పెద్ద నవ్వు. నన్ను చూసి చేతులు జోడించాడు. మా ఆయన నేర్పిన నమస్కారం అయి ఉంటుంది. అమ్మాయి ఇంగ్లీషులో అడిగి, ఆయన చెప్పింది నాకు చెప్తూ పోయింది.

"ఈయనకు గీ పాటంటే వాళ్ళ నాన్ననటమ్మా. ఆయన చేపల పడవ మీద పనిచేసేటోడట. తెల్లారి ఒడ్డుకొచ్చేటప్పుడు పాడేటోడట. దీపం ఆర్పెయ్యి అంటే ఇగ తెల్లారింది కదా, దీపంతోని ఏం పని అని. ఈయనకు గట్లనే వినపడుతదట."

అంటే నాలుగో అర్థం. నాకు నవ్వు రాబోయి ఆగింది. "మరి మీ బాపుకు ఇంటికొచ్చే పాట అని ఎందుకు చెప్పిండో అడుగు," అన్నాను.

అమ్మాయి అడిగింది. ఆయన భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పిన మాటలు వింటూ వింటూ అమ్మాయి కళ్ళు చెమ్మగిల్లాయి. చున్నీతో తుడుచుకొని నాకు చెప్పింది.

"బాపు కొత్తగ పోయినప్పుడు రోజూ ఏడుస్తుండెనటమ్మా. తినకపోతుండెనట. గా పాటకు అర్థం ఏంది భాయ్ అని అడిగిండట. మాటలల్ల ఉన్నది పోయేటోడే, ఏడ్చే మనిషికి గది ఎట్ల చెప్త, గందుకే వచ్చేటోని పాట అని చెప్పిన అంటుండు. అయితే చెప్పినంక తనకు కూడా అదే నిజమనిపించిందట."

నేను ఆయనకు మళ్ళీ చేతులు జోడించాను. పెట్టేసే ముందు ఆయన అమ్మాయితో ఇంకో మాట అన్నాడు. ఆ మాటను అది ఇంగ్లీషులోనే రెండుసార్లు అనుకొని తెలుగు చేసింది. "పాటను అడిగితే అది ఎటడిగితే అటే చెప్తది, మనిషిని అడగండి అంటుండు."

మర్నాడు బడికి సెలవు పెట్టి, అమ్మాయి బజారుకు పోయినప్పుడు మా ఆయనకు ఫోన్ చేశాను. సుత్తి చప్పుళ్ళ మధ్య ఎత్తాడు. పక్కకు వచ్చేదాకా ఆగి అడిగాను.

"నువ్వు వస్తవా, రావా? సక్కగ చెప్పు."

చెప్పాడు. ఒక్కో మాట మధ్య ఆగుతూ చెప్పాడు. కళ్ళు మునుపటిలా లేవు, వెల్డింగు పనికి పనికిరావన్నారు, ఇక ఇంటికి పోవచ్చని కంపెనీవాళ్ళు ఎండాకాలంలోనే చెప్పారు. ఈయనే బతిమాలి సామాన్ల గోదాములో పని చూసుకొని ఉండిపోయాడు. ఇంకో సంసారం లేదు, ఇంకో ఊరు లేదు.

"మరెందుకు రాలే?"

"ఇప్పుడొస్తే మల్ల పోవుడుండదు కదా."

"పోకుంటే ఏమాయె?"

"నువ్వు సమజ్ చేసుకుంటవో లేదో. ఎప్పుడొచ్చినా నెలనే ఉన్న. నెల రోజులు అందరు మంచిగ చూసుకుంటరు. ఇష్టమైనయి వండుతరు. గా నెల దాటినంక ఇంట్ల నేనెవలినో నాకు తెల్వదు. నువ్వు బడికి పోతవ్. బిడ్డ కాలేజీకి పోతది. అవ్వ బీడీలు చేస్తది. నేనేం జెయ్యాలె? ఏడ కూసోవాలె? అవ్వ మొన్న కుక్క మాట అన్నది చూడు, గది నా గురించే అనిపించింది."

ఓదార్పు మాటలు పుస్తకాల్లోవి చాలా తెలుసు, ఒక్కటీ నోటికి రాలేదు.

"మనింట్ల కుక్క లేదు," అన్నాను. "వచ్చెయ్యి."

అటువైపు నవ్వాడు. నవ్వో ఏడుపో, రెండూ కలిసిన చప్పుడు.

సంక్రాంతి దాటక ముందే వచ్చేశాడు. ఈసారి విమానాశ్రయం నుంచి ఫోన్ చేసినప్పుడు పాట పాడలేదు, "ఎక్కుతున్న" అన్నాడంతే. వచ్చాక అంతా సులువుగా జరిగిపోయిందని చెప్పను. ఆయన భయపడిందే అయింది. నెల దాటగానే ఒకరికొకరం అడ్డం వచ్చాం. నేను పొద్దున హడావుడిగా బాక్సు కట్టుకుంటుంటే ఆయన వంటింట్లో మధ్యలో నిలబడేవాడు. ఏదైనా చేస్తానని మొదలుపెట్టేవాడు, నేను లాక్కొని చేసేసేదాన్ని. ఒకరోజు అత్తమ్మే కసురుకుంది. "ఆయనను చెయ్యనియ్యవే. తప్పు జేస్తే తప్పే తిందాం." ఆ తర్వాత మెల్లగా కుదురుకున్నాం. బస్టాండు దగ్గర గ్రిల్లులు చేసే దుకాణంలో కొలతలు చూసే పనికి కుదిరాడు. మంట వైపు చూడనవసరం లేని పని.

ఆ మధ్య అమ్మాయి ఇంకో సంగతి కనిపెట్టింది. ఇంటర్నెట్టులో ఆ పాట కింద జనం రాసిన మాటలు. ఎంత చదివినా అయిపోనన్ని. హాస్టలు నుంచి వచ్చిన ఆదివారాల్లో భోజనాలయ్యాక అది తెలుగు చేసి చదివేది, మేం ముగ్గురం వినేవాళ్ళం. ఎవరో తన పెళ్ళిలో ఈ పాట పెట్టుకున్నాడు. ఎవరో తల్లిని మట్టి చేసిన రోజు విన్నాడు. ఒక లారీ డ్రైవరు ఇది డ్రైవర్ల పాట అని ఢంకా బజాయించి రాశాడు. ఒకావిడ తాగుడు మానేసిన భర్త గురించి రాసింది, దీపం అంటే సీసా అట. పాట కట్టినవాళ్ళు ఏ ఉద్దేశంతో కట్టారోనని ఒకరినొకరు తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అవి చదవొద్దనేది అత్తమ్మ. "ఎవల బాధ వాళ్ళు చెప్పుకుంటున్నరు. తిట్లెందుకు మధ్యల?"

ఒకనాడు ఆమె అంది, "నాది గుడ రాయి బిడ్డా."

అమ్మాయి ఇంగ్లీషులో రాసింది. మా బాపమ్మకు ఈ పాటలో, రాని అన్న కోసం ఏడ్చే చెల్లెలు వినిపిస్తుంది, మా భాషలో ఆ మాటలకు అర్థం అదే అని. కొన్ని రోజులకు ఎక్కడిదో తెలియని ఒకామె జవాబు ఇచ్చింది. తనకూ ఒక అన్న ఉండేవాడని, ఇక మీదట తనకూ ఈ పాట అలాగే వినిపిస్తుందని. అమ్మాయి అది చదివితే అత్తమ్మ తల ఊపింది. "చూసినవా, ఇంగ్లీషోల్లకు గుడ ఉంటరు," అని బీడీల చేట దగ్గరికి లాక్కుంది.

అమ్మాయి ఆ పాటను తెలుగు చేసి కాలేజీ పత్రికకు ఇవ్వాలనుకుంది. చరణాలు బాగానే కుదిరాయి. పల్లవి దగ్గర ఆగిపోయింది. 'దారిలో ఉన్నా' అంటే వస్తున్నట్టే అవుతుంది, 'బయలుదేరా' అంటే పోతున్నట్టే అవుతుంది, రెండూ ఉండే మాట కావాలి, తెలుగులో లేదమ్మా అని నా దగ్గరికొచ్చింది.

నేను చాలాసేపు ఆలోచించాను. పెద్ద పెద్ద మాటలన్నీ వెతికాను. చివరికి తట్టింది చూస్తే రోజూ అనే మాటే. మనం గడప దాటేటప్పుడు పోతున్నా అనం. పోయొస్త అంటాం. పక్క వీధికి పోయినా, పరాయి దేశం పోయినా అదే మాట. అందులో పోవడం ఉంది, రావడం ఉంది. వస్తామో రామో మనకు తెలియదన్నది కూడా ఉంది.

"పోయొస్త అని పెట్టు," అన్నాను.

అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆయన "గంతే, గదే" అన్నాడు. అత్తమ్మ మాత్రం కాసేపాగి చెప్పింది. "మా అన్న గట్లనే అన్నడు. పోయొస్త చెల్లే అన్నడు. బస్సు మెట్టు మీద నిలవడి." మా ఆయన వెళ్ళి తల్లి పక్కన కూర్చొని, ఆమె చేటలోంచి ఒక తునికాకు తీసి, రాకపోయినా చుట్టడానికి ప్రయత్నించాడు.

ఇప్పుడు నేను ఇచ్చోడ దగ్గర పనిచేస్తున్నాను. ఉద్యోగుల సర్దుబాటులో నన్ను ఆదిలాబాద్ జిల్లాకు వేశారు. లక్సెట్టిపేట నుంచి రోజూ తిరిగే దూరం కాదు. అక్కడే ఒక గది తీసుకొని వారానికొకసారి ఇంటికి వస్తున్నాను. ఖానాపూర్ మీదుగా నిర్మల్ దాకా ఒక బస్సు, అక్కడ దిగి ఘాటు రోడ్డు ఎక్కే ఇంకో బస్సు. కొత్తలో సోమవారం తెల్లవారకముందే ఇల్లు వదలాలంటే కాళ్ళు వచ్చేవి కావు. మా ఆయన బస్టాండుకు వచ్చి సీటు చూసి కూర్చోబెట్టేవాడు. "అలవాటైతది," అనేవాడు. అంతకంటే ఏమీ అనేవాడు కాదు. ఆయనకు తెలిసిన విషయం, నాకు ఎక్కువ చెప్పి భయపెట్టదలుచుకోలేదని అనుకుంటాను.

బస్సులో ఆ పాట వింటుంటాను. ఒకసారి ఒకలా వినిపిస్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు వింటే పోయేవాడి గొంతులా ఉంటుంది, పోయేటప్పుడు వింటే వచ్చేవాడి గొంతులా ఉంటుంది. ఎందుకు అలా తిరగబడుతుందో నేను చెప్పలేను. బడిలో పద్యాలకు ఇప్పటికీ ప్రతిపదార్థం చెప్తాను, అది లేకుండా పని జరగదు. కానీ భావం దగ్గరికొచ్చాక ముందు పిల్లలనే చెప్పమంటున్నాను. సగం మంది తెలుగు, సగం మంది మరాఠీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు. వాళ్ళు చెప్పేవి విన్నాక నాది చెప్పడానికి కొన్నిసార్లు సమయం మిగలదు.

మొన్న ఇంటికి వస్తున్నప్పుడు ఇచ్చోడలో ఒకావిడ సీతాఫలాల గంపతో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఘాటు దిగేటప్పుడు నా చెవిలోని ఇయర్‌ఫోను తీగ వైపే చూస్తోంది.

"ఏం ఇంటున్నవ్ బాయీ?"

"పాట. ఇంటవా?"

ఒకటి తీసి ఆమె చెవిలో పెట్టాను. చివరి భాగం వస్తోంది, ఆ గొంతు పాడడం మానేసి అరిచే చోటు. ఆమె కళ్ళు మూసుకొని శ్రద్ధగా చివరిదాకా విన్నది. తీసి నాకిస్తూ అంది, "పాపం, ఆకలి మీద ఉన్నట్టున్నడు."

ఆమె గంప మీది గుడ్డ తొలగించి, బాగా పండిన కాయ ఏదో ఒక్కొక్కటే ఒత్తి చూసి, ఒకటి నా చేతిలో పెట్టింది.